“వీడు మారడు” – మత్తు వ్యసన చికిత్సలో సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం

ఆబిడ్స్ కూడలి నుండి నాంపల్లి రైల్వే స్టేషన్ వరకు నడచి వెళ్లే విద్యార్థికి మత్తు పదార్థాల విషయంలో మన సమాజం చేసుకొన్న ఏర్పాట్లు ఇంచుమించు అన్నీ అరగంటలో కనబడతాయి. నాంపల్లిలో ఆబ్కారీ భవన్ ఉన్నది. 2017 జూలైలో మాదక ద్రవ్యాల కేసులో సినీ రంగానికి చెందిన కొందరిని పిలిపించి ప్రశ్నించినది అక్కడనే. ఆ సమీపంలోనే క్రిమినల్ కోర్టులు ఉన్నవి. స్టేషన్ పరిసరాలలో గుడ్డపీలికను వైట్‌నర్‌తో తడిపి ముక్కు దగ్గర పెట్టుకొనే పిల్లలను చూడనివారు ఈ నగరంలో అరుదు. మత్తుకు లోబడినవాడు, పట్టుకొనేవాడు, తీర్పు చెప్పేవాడు ఒకరికొకరు పిలుపు దూరంలో ఉన్నారు. చికిత్స చేసే ప్రభుత్వ మానసిక వైద్యశాల మాత్రం దూరాన ఎర్రగడ్డలో ఉన్నది.

ఈ దారిలో ఎవరిని కదిలించినా వినవచ్చే మాట ఒకటి గలదు: “వాణ్ణి ఎంతమంది బాగుచేయాలని చూచినా లాభం లేదు, వాడు మారడు.” పోలీసు అంటాడు, వకీలు గుమాస్తా అంటాడు, విసిగిపోయిన తండ్రి అంటాడు. ఒక్కొక్కప్పుడు వైద్యుడు కూడా అంటాడు. అయితే వైద్యుడు అన్నప్పుడు ఆ మాట శాస్త్రీయమైన దుస్తులు ధరించి వస్తుంది. ‘యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్’ అనే పేరు కాగితం మీదికి ఎక్కుతుంది. తెలుగులో దీనిని సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ వికారం అనవచ్చును. ఈ పేరు పడిన మనిషికి మత్తు వ్యసన చికిత్స నిజంగా నిష్ప్రయోజనమా అనునది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. గత నాలుగైదు దశాబ్దాల పరిశోధన చెబుతున్న సమాధానం ‘కాదు’ అనియే. కాని ఆ ‘కాదు’ వెనుక కొన్ని మెలికలు ఉన్నవి. వాటిని తెలిసికొనకుండా ఆశపడుట, నిరాశపడుట రెండూ అపాయకరమే.

ముందుగా పదం సంగతి. ఎవరితోను కలవని విద్యార్థిని చూచి తోటివారు “వాడు యాంటీ సోషల్” అని నవ్వుతారు. శాస్త్రంలో ఆ పదానికి ఆ అర్థం లేదు. బిడియం వేరు, ఇది వేరు. అట్లే మన దినపత్రికలలో కనిపించే ‘అసాంఘిక శక్తులు’ అనే మాటతో కూడ దీనికి పొత్తు కుదరదు. సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం కలవాడు చాల సందర్భాలలో మంచి మాటకారి, నలుగురిలో కలుపుగోలుగా తిరిగేవాడు. లోపం సాంగత్యంలో కాదు. ఎదుటివాని హక్కును, బాధను లెక్కలోనికి తీసికొనే చోట ఉన్నది.

బుద్ధి చెక్కుచెదరకుండానే నడవడి చెడిపోయిన మనుషులను గురించి 1801లో ఫ్రెంచి వైద్యుడు పినెల్ వ్రాశాడు. 1835లో ఇంగ్లండులో ప్రిచర్డ్ దీనిని నైతికమైన ఉన్మాదం అన్నాడు. 1941లో అమెరికను వైద్యుడు హెర్వీ క్లెక్లీ ‘ది మాస్క్ ఆఫ్ శానిటీ’ అనే గ్రంథం ప్రచురించాడు. పైకి ఆరోగ్యమనే ముసుగు, లోపల అనుభూతి లేని శూన్యం అనునది ఆయన చిత్రం. ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు 1980లో అమెరికను మానసిక వైద్య సంఘం వెలువరించిన మూడవ నిర్ణయ గ్రంథంతో స్థిరపడింది. 2013 నాటి ఐదవ గ్రంథం ప్రకారం మనిషికి 18 ఏండ్లు నిండి ఉండాలి. 15 ఏండ్లకు పూర్వమే తీవ్రమైన నడవడి దోషాలు కనిపించి ఉండాలి. ఏడు లక్షణాలలో కనీసం మూడు ఉండాలి. పదే పదే చట్టాన్ని ఉల్లంఘించుట, అబద్ధం, మోసం, ముందు వెనుకలు చూడని తొందరపాటు, కొట్లాటకు దిగే స్వభావం, తన క్షేమాన్ని గాని పరుల క్షేమాన్ని గాని లెక్కచేయకపోవుట, ఉద్యోగంలోను అప్పులోను బాధ్యత లేకపోవుట, చేసిన కీడుకు పశ్చాత్తాపం లేకపోవుట – ఇవి ఆ ఏడు.

తెలుగు చదువుకొన్నవానికి ఈ జాబితా చూడగానే నిగమశర్మ జ్ఞాపకం రాక మానడు. తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలో ఆ యువకుడు మంచి ఇంట పుట్టి, చదువు చదివి, చెడు తిరుగుళ్లకు అలవాటుపడి ఆస్తి కరగదీస్తాడు. అత్తవారింటి నుండి అక్క వచ్చి, లాలించి, బుద్ధి చెప్పి, ఇంటి పరువును గుర్తుచేస్తుంది. అతడు విన్నట్లే నటిస్తాడు. కొన్నాళ్లు ఇల్లు కదలడు. ఇంటిల్లిపాది ‘మారాడు’ అని ఊపిరి పీల్చుకొన్నాక, ఒక రాత్రి నగలన్నీ మూటగట్టుకొని పారిపోతాడు. తెల్లవారి అక్క తన ముక్కర పోయినదని ఏడుస్తుంది. దొంగలు కొట్టి పడవేయగా చేరదీసి ప్రాణం నిలిపిన కాపు ఇంటికి కూడ అతడు చేసినది ద్రోహమే. ఆ ఇంటి కోడలితోనే లేచిపోతాడు. కవి ఆ అక్కకు పేరైనా పెట్టలేదు. అయినా రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మగారు ‘నిగమశర్మ అక్క’ అని ప్రత్యేకంగా ఆమెను గురించియే వ్యాసం వ్రాశారంటే ఆ పాత్రలోని జీవం ఎంతటిదో ఊహించవచ్చును. కావ్యపాత్రకు రోగనిర్ణయం చేయుట నా ఉద్దేశం కాదు. అది సాహిత్యానికి గాని వైద్యానికి గాని మర్యాద కాదు. ఈ కథను ఇక్కడ చెప్పుటకు కారణం వేరు. మత్తుకు లోబడినవాని ఇంటిలోని వారి అనుభవం ఇదే. నమ్ముతారు, నగలు పోతాయి, మరల నమ్ముతారు. ‘మారడు’ అనే మాట క్రూరత్వం నుండి కాక ఈ అలసట నుండి పుడుతుంది. అందుచేత ఆ మాట అన్నవారిని నిందించి ప్రయోజనం లేదు. ఆ మాట నిజమా అని మాత్రం అడుగవలసి ఉన్నది.

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. మత్తు వ్యసనం ముదిరిన ఏ మనిషి అయినా అబద్ధాలాడతాడు, అప్పులు ఎగవేస్తాడు, ఇంటి సామాను అమ్ముతాడు, ఉద్యోగం పోగొట్టుకొంటాడు. పై ఏడు లక్షణాలలో మూడు అతనిలో సునాయాసంగా దొరుకుతాయి. అంతమాత్రాన అతని వ్యక్తిత్వమే సంఘ వ్యతిరేకమైనదని చెప్పవచ్చునా? చెప్పరాదు. రెండు విషయాలూ తరచుగా కలిసి ఉండుట వాస్తవం. 1990లో ప్రచురితమైన అమెరికను జాతీయ పరిశీలనలో ఈ వ్యక్తిత్వ వికారం కలవారిలో 83.6 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికో మాదక ద్రవ్యానికో బానిసలైనవారు, లేదా వాటిని దుర్వినియోగం చేసినవారు. కాని లెక్కను రెండవ వైపు నుండి చూడవలె. 1997లో బాల్టిమోర్ నగరంలో నల్లమందు జాతి మాదకాలకు చికిత్స పొందుతున్న 716 మందిని పరీక్షించగా ఈ వికారం కనిపించినది 25.1 శాతం మందిలో. అనగా నలుగురిలో ఒకరు. తక్కిన ముగ్గురి చెడునడతకు మూలం వేరుచోట ఉన్నది.

ఆ మూలం ఒక్కొక్కప్పుడు మత్తు పదార్థంలోనే ఉంటుంది. తెలంగాణ వారికి దీనికి దూరపు ఉదాహరణ అక్కరలేదు. మన జిల్లాలలో చాలచోట్ల కల్లు పేరుతో అమ్మేదానిలో ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుట పాత కథ. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు జరిగి ఆ సరుకు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులకు జనం వరుసకట్టారు. కొందరికి మూర్ఛలు వచ్చాయి. కొందరు పిచ్చిగా ప్రవర్తించారు, మీదపడ్డారు. వారు పొలం పనులు చేసికొనే సామాన్యులు, ఇంటి ఇల్లాండ్రు. నిన్నటి దాక లేని దౌర్జన్యం నేడు వచ్చినదంటే అది స్వభావం కాదు, మందు తెగినప్పటి శరీరబాధ. సరియైన వైద్యంతో అది కొద్ది రోజులలో తగ్గుతుంది. ఆ రోజులలో వారిని చూచి ఎవరైన ‘సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం’ అని వ్రాసి ఉంటే ఎంత అన్యాయమయ్యేదో ఆలోచించండి.

ఈ కారణం చేతనే 15 ఏండ్లకు ముందటి జీవితం అంత ముఖ్యమైనది. మత్తు రాకముందే దోషం ఉన్నదా, మత్తు వచ్చిన తరువాత వచ్చినదా? ఈ విషయంలో లీ రాబిన్స్ అనే విదుషి కృషి ప్రసిద్ధం. సెయింట్ లూయిస్ నగరంలోని ఒక బాలల మానసిక వైద్యశాలకు వచ్చిన 524 మంది పిల్లల పాత కాగితాలు తీసి, సుమారు 30 ఏండ్ల తరువాత వారెట్లున్నారో వెదకి పట్టుకొని, 1966లో గ్రంథం ప్రచురించినది. పెద్దయిన తరువాత సంఘ వ్యతిరేకులైన వారందరికీ బాల్యంలోనే ఆ లక్షణాలు ఉన్నవని ఆమె తేల్చింది. ఈ సగమే జనానికి చేరింది. రెండవ సగం అంతకంటె విలువైనది: బాల్యంలో అట్టి లక్షణాలు ఉన్నవారిలో ఎక్కువమంది పెద్దయ్యాక అట్లా కాలేదు. అదే రాబిన్స్ తరువాత వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులను పరిశీలించింది. అక్కడ హెరాయినుకు బానిసలైన వారిలో స్వదేశం చేరిన మొదటి ఏడాదిలో మరల బానిసలైనవారు సుమారు 5 శాతమే. స్థలం మారినది, చుట్టూ మనుషులు మారారు, మనిషి కూడ మారాడు.

నాంపల్లి స్టేషన్ పిల్లల విషయం ఇక్కడ మరల ఎత్తుకొనక తప్పదు. బాల్యపు నడవడి దోషాల జాబితాలో ఇల్లు విడిచి పారిపోవుట, దొంగతనం, అబద్ధం, బడి ఎగవేత, కొట్లాట ఉన్నవి. తాగుబోతు తండ్రి దెబ్బలకు తాళలేక రైలెక్కిన పదేండ్ల బాలుడు ప్లాట్‌ఫారం మీద బ్రతుకవలెనంటే వీటిలో ఏది చేయకుండా ఉండగలడు? పోలీసుకు నిజం చెప్పితే దెబ్బలు, అబద్ధం చెప్పితే ఒక పూట అన్నం. వైట్‌నర్ ఆకలిని, చలిని, భయాన్ని ఒకేసారి మరపిస్తుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం ఇట్లు పీల్చే మత్తు పదార్థాల వాడకం పెద్దలలో 0.58 శాతం కాగా, 10 నుండి 17 ఏండ్ల పిల్లలలో 1.17 శాతం, మద్యం, గంజాయి వంటి తక్కిన పదార్థాలన్నింటిలో పెద్దలదే పైచేయి, ఇందులో ఒక్కదానిలోనే పిల్లలు ముందున్నారు. చుట్టూ ఉన్న పరిస్థితికి తట్టుకొనుటకు చేసిన పనిని వికారంగా లెక్కించరాదని అమెరికను నిర్ణయ గ్రంథమే హెచ్చరించింది. కాని రద్దీగా ఉన్న ఓపీ గదిలో ఐదు నిమిషాలలో ఆ హెచ్చరికను ఎవరు జ్ఞాపకం ఉంచుకొంటారు? జాబితా పేదవాని మీద సులభంగా అతుకుతుంది. బంజారాహిల్స్ బాలుడు చేసిన మోసం కుటుంబ సమస్య అవుతుంది, స్టేషన్ బాలుడు చేసినది కేసు అవుతుంది. ఈ మాట వైద్యశాస్త్రం చెప్పినది కాదు, ఈ పరిసరాలలో పాఠం చెప్పుకొంటూ నేను చూచినది.

సరే, బాల్యం నుండి ఈ వికారం నిజంగానే ఉన్నదనుకొందాము. అట్టివానికి మత్తు నుండి విముక్తి కలిగించే చికిత్స పనిచేస్తుందా? పనిచేయదనే నమ్మకానికి బలం చేకూర్చిన పరిశోధన ఒకటి ఉన్నది. కెనడా దేశంలో పెనెటాంగ్విషీన్ అనే ఊరిలోని ఓక్ రిడ్జ్ ఆసుపత్రిలో 1960, 70 దశకాలలో నేరస్తులకు సామూహిక చికిత్స జరిగింది. 1992లో దాని ఫలితాలు వెలువడినవి. తీవ్రమైన సంఘ వ్యతిరేక స్వభావం గలవారు, అనగా ‘సైకోపాత్’లు, ఆ చికిత్స పొందిన తరువాత చికిత్స పొందనివారికంటె ఎక్కువగా హింసకు పాల్పడ్డారని అందులో తేలినది. ‘వీరికి చికిత్స చేస్తే తెలివి మీరి మరింత చెడిపోతారు’ అనే నానుడి అక్కడి నుండి లోకమంతా ప్రాకింది. కాని ఆ చికిత్స ఏమిటో చూడండి. రోగులే రోగులకు వైద్యం చేసేవారు, వృత్తి వైద్యుల పర్యవేక్షణ అత్యల్పం. కొందరిని దుస్తులు లేకుండ రోజుల తరబడి ఒకే గదిలో ఉంచారు. ఎల్ ఎస్ డి వంటి భ్రాంతి కలిగించే మందులు కూడ ఇచ్చారు. ఇట్టి విపరీత ప్రయోగం విఫలమైతే ఆ వైఫల్యాన్ని రోగి ఖాతాలో వ్రాయుట ఏ న్యాయం? అట్టి గదిలో ఉంచితే మంచివాడు కూడ ఏమవుతాడో చెప్పలేము.

అంతకు ముందే, 1985లో, ఫిలడెల్ఫియాలో వుడీ, మెక్‌లెల్లన్, లుబోర్‌స్కీ, ఓబ్రయన్ అనే నలుగురు పరిశోధకులు ఒక సూక్ష్మమైన విషయాన్ని బయటపెట్టారు. నల్లమందు జాతి మాదకాలకు బానిసలై మెథడోన్ అనే ప్రత్యామ్నాయ మందుతో చికిత్స పొందుతున్న 110 మందిని నాలుగు వర్గాలుగా విభజించి, మాటల ద్వారా చేసే మానసిక చికిత్స ఫలితాలను 7 నెలల తరువాత చూచారు. సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం ఒక్కటే ఉన్నవారికి లాభం స్వల్పం. అదే వ్యక్తిత్వం ఉండి, దానితోపాటు మనోవ్యాకులత, అనగా డిప్రెషన్, ఉన్నవారు మాత్రం ఆ వికారం లేనివారితో ఇంచుమించు సమానంగా బాగుపడ్డారు. లోకంలో ఎక్కడైనా రెండు జబ్బులు ఉన్నవాడు ఒక జబ్బు ఉన్నవానికంటె కష్టంగా కోలుకొంటాడు కదా! ఇక్కడ తలక్రిందులైనది. ఎందుకని? దుఃఖించగలవాడు తన బ్రతుకులో ఏదో పోయినదని గుర్తిస్తాడు. వైద్యుని వద్దకు ఒక అవసరంతో వస్తాడు. 1989లో అదే పరిశోధక బృందం నుండి గెర్స్ట్‌లీ ప్రభృతులు దీనిని మరికొంత ముందుకు తీసికొనిపోయారు. ఈ వికారం ఉన్నవారిలో చికిత్సకునితో స్నేహబంధం ఏర్పరచుకొనగలిగినవారు మెరుగుపడ్డారనీ, ఏర్పరచుకొనలేనివారు మెరుగుపడలేదనీ చూపారు. పేరు అందరికీ ఒకటే, మనుషులు ఒకటి కాదు.

మాటల చికిత్స అందనివానికి మరేదైనా అందుతుందా? ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానం నాకు అన్నిటికంటె ఆసక్తికరంగా తోచింది. ‘కంటింజెన్సీ మేనేజ్‌మెంట్’ అనే పద్ధతి ఒకటి ఉన్నది. షరతు మీద బహుమతి అని దాని సారాంశం. రోగి వారానికి రెండు మూడు సార్లు మూత్ర పరీక్ష ఇస్తాడు. అందులో మత్తు పదార్థం లేకపోతే అప్పటికప్పుడే ఒక చిన్న కూపను ఇస్తారు. డబ్బు కాదు, సరుకులకు మాత్రమే పనికివచ్చేది. వరుసగా పరీక్షలు శుభ్రంగా వస్తే కూపను విలువ పెరుగుతుంది, ఒకసారి తప్పితే మొదటికి వస్తుంది. తిట్లు లేవు, ఉపదేశం లేదు. నాన్సీ పెట్రీ అనే పరిశోధకురాలు దీనిని ఇంకా చౌకగా చేసింది. ఒక గాజు పాత్రలో 500 చీటీలు ఉంచుతారు. వాటిలో సగం మీద ‘శభాష్’ అని మాత్రమే ఉంటుంది. తక్కినవాటిలో ఎక్కువ భాగం డాలరు విలువ చేసేవి, కొన్ని 20 డాలర్లవి, ఒక్కటే ఒకటి 100 డాలర్లది. లాటరీ టికెట్టు కొన్నవారికి ఈ పాత్రలోని ఆకర్షణ వివరించనక్కరలేదు.

ఈ పద్ధతి సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం గలవారిపై పనిచేయదని మొదట అనుకొన్నారు. 1998లో బ్రూనర్, ఆయన సహచరులు 40 మందితో చేసిన ప్రాథమిక ప్రయోగంలో, మందు ఇంటికి తీసికొనిపోయే సౌకర్యం వంటివాటిని పరీక్షా ఫలితాలతో ముడిపెట్టి కట్టుదిట్టంగా నడిపించగా ఈ వికారం ఉన్న రోగులే చక్కగా మెరుగుపడ్డారు. 2003లో లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో మెస్సీనా, ఫరాబీ, రాసన్ అనువారు కొకైనుకు కూడ అలవాటుపడిన మెథడోన్ రోగులపై 16 వారాలు చేసిన పరిశోధనలో ఫలితం మరింత స్పష్టమైనది. బహుమతి పద్ధతిలో ఈ వికారం ఉన్నవారే లేనివారికంటె ఎక్కువగా కొకైనుకు దూరంగా ఉన్నారు. ‘మారడు’ అనుకొన్నవాడు వరుసలో ముందుకు వచ్చాడు!

దీని రహస్యం కాలంలో ఉన్నది. ఇప్పుడు చేతికి వచ్చే పది రూపాయలా, ఏడాది తరువాత వచ్చే వందా అని అడిగితే మనమందరము కొంత తడబడతాము. మత్తుకు బానిసైనవాడు మనకంటె ఎక్కువగా ‘ఇప్పుడే’ అంటాడు. వారిలోను సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం ఉన్నవారు మరింతగా ‘ఇప్పుడే’ అంటారని పెట్రీ 2002లో చూపింది. రేపటి ఆరోగ్యం, ముందు ముందు కుటుంబ గౌరవం, ఎప్పటికో పడే శిక్ష – ఇవన్నీ అతనికి దూరపు కొండలు. ఈ పూట దొరికే చిన్న ఫలం అతనికి కనిపిస్తుంది. నిగమశర్మ అక్క చెప్పినదంతా వంశగౌరవం, రేపటి సుఖం. ఆమె ప్రేమలో లోపం లేదు. ఆమె చూపిన ఫలమే అతని చూపుకు అందనంత దూరంలో ఉన్నది.

“తాగకుండా ఉన్నందుకు బహుమానమా? మేము ఏ బహుమానం లేకుండానే తాగకుండా ఉన్నాము కదా!” అని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చును. ఆక్షేపణ సమంజసమే. కాని హాజరుకు మార్కులు కలుపుతామనగానే నిండిపోయే తరగతి గదులను చూచినవాడను గనుక నాకు ఈ పద్ధతి అంత వింతగా తోచదు. దీనికి పరిమితి కూడ ఉన్నది: బహుమతి ఆగిన తరువాత ఫలితం క్రమంగా పలుచబడుతుంది. మొదటి నెలలలో మనిషిని నిలబెట్టుట దీని పని. ఆ తరువాత ఉద్యోగం, ఇల్లు, స్నేహితులు ఆ పని చేయాలి. మన దేశపు చికిత్సా కేంద్రాలలో ఈ పద్ధతి ఇంకా అరుదు.

ఈ దృష్టితో నాంపల్లి కోర్టుల వైపు ఒకసారి చూడవలె. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం కేవలం శిక్షల చట్టం అని చాలమంది భావిస్తారు. అందులో 39వ సెక్షను ప్రకారం దోషిగా తేలిన వ్యసనపరుణ్ణి న్యాయస్థానం బాండు మీద విడిచిపెట్టి చికిత్సకు పంపవచ్చును. 64ఏ సెక్షను ప్రకారం మత్తు సేవించిన నేరానికో, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరానికో గురియైన వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పొందితే అతనికి ప్రాసిక్యూషన్ నుండి రక్షణ లభిస్తుంది. చికిత్స మధ్యలో మానివేస్తే ఆ రక్షణను ఉపసంహరించవచ్చును. షరతు మీద ఫలం అనే సూత్రం చట్టంలోనే ఉన్నదన్నమాట. కాని వాయిదా తరువాత వాయిదా పడే కేసులో ఆ ఫలం ఎంత దూరంలో ఉన్నదో మనకు తెలుసు. ‘ఇప్పుడే’ అనే మనిషికి వచ్చే ఏడాది తీర్పు ఏపాటి? శిక్ష పెంచినకొద్దీ భయం పెరుగుతుందని ఉపన్యాసాలిచ్చే వారు ఈ విషయం గమనించరు. చిన్నదైనా సరే, వెంటనే, తప్పకుండా వచ్చే పర్యవసానానికి ఉన్న బలం పెద్దదై ఎప్పుడో వచ్చేదానికి లేదు.

కొన్నేండ్ల క్రితం మా పూర్వ విద్యార్థి ఒకని తల్లి నా వద్దకు వచ్చింది. ఆమె పేరుగాని, ఆ చికిత్సా కేంద్రం పేరుగాని ఇక్కడ అనవసరం. కుమారుణ్ణి చేర్చుకొన్న పదవ రోజున, తోటి రోగుల వద్ద డబ్బు కాజేసినాడని, కొట్లాడినాడని, “ఇతనిది స్వభావదోషం, మందు లేదు” అని పంపివేశారట. “సార్, నా బిడ్డకు ఉన్నది బీమారా, బద్మాషీయా? ఏదో ఒకటి చెప్పండి” అని అడిగింది. రెండూ ఉండవచ్చునమ్మా, రెండవది ఉన్నంత మాత్రాన మొదటిదానికి చికిత్స మానకూడదు అని చెప్పుటకు ఆనాడు నాకు ఈ పుస్తకజ్ఞానం లేదు. ఎర్రగడ్డ చిరునామా వ్రాసి ఇచ్చాను. బ్రిటనులో జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ 2009లో ఈ వికారంపై జారీ చేసిన మార్గదర్శకంలో మొట్టమొదటి మాటలలో ఒకటి ఇదే: ఈ రోగనిర్ణయాన్నిగాని, గత నేరచరిత్రనుగాని కారణంగా చూపి ఎవరినీ ఏ వైద్యసేవకూ అనర్హులుగా చేయరాదు. ఆ స్వభావానికే మందుబిళ్లలు ఇవ్వవద్దని, వెంట ఉన్న మత్తు వ్యసనానికి మాత్రం తప్పక చికిత్స చేయాలని కూడ అదే గ్రంథం చెప్పింది.

ఈ వికారం ఉన్నవారు చికిత్సకు వచ్చేనాటికే తక్కినవారికంటె ఎక్కువ లోతున ఉంటారు. మత్తు చిన్ననాటనే మొదలవుతుంది, సూదులు పంచుకొనుట వంటి సాహసాలు ఎక్కువ, జైలు చూచివస్తారు. పై నుండి చూచేవారికి వారి మెరుగుదల తక్కువగా కనిపించుటకు ఇది ఒక కారణం. పది మెట్లు దిగినవాడు ఐదు ఎక్కితే ఇంకా ఐదు మెట్లు క్రిందనే ఉంటాడు; ఐదు దిగినవాడు ఐదు ఎక్కితే నేల మీద నిలబడతాడు. ఎక్కినవి ఇద్దరూ సమానంగానే ఎక్కారు. వయస్సు కూడ కొంత సాయం చేస్తుంది: ఆవేశం, నేరప్రవృత్తి నలభై దాటాక చాలమందిలో తగ్గుముఖం పడతాయి. అప్పటిదాక మనిషిని బ్రతికించి ఉంచుట కూడ వైద్యమే. డెన్మార్కులో 2015లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఈ రెండు సమస్యలూ ఉన్న 175 మందిలో కొందరికి ఆరు విడతల క్లుప్తమైన బోధన కలిపి ఇవ్వగా, మూడు నెలల నాటికి వారు మత్తు లేకుండా గడిపిన రోజులు పెరిగినవి. ఆరే విడతలు!

ఇదంతా చెప్పి, ఇంటివారి మాట మరువరాదు. చికిత్స అందాలని కోరుట వేరు, ఇంటి తాళంచెవులు చేతికి ఇచ్చుట వేరు. కాపు ఇంటి వలె మోసపోవలసిన పని లేదు. దెబ్బలు తింటున్న భార్య, నగలు పోగొట్టుకొంటున్న తల్లి తమను తాము కాపాడుకొంటూనే అతణ్ణి వైద్యునికి అప్పగించవచ్చును. చికిత్సకు వెళ్లినప్పుడు మూడు సంగతులు వైద్యునికి తప్పక చెప్పాలి. పదిహేనేండ్లలోపు అతని నడవడి ఎట్లుండేది. మత్తు మానిన కాలం ఏదైన ఉంటే ఆ రోజులలో ఎట్లున్నాడు. ఎప్పుడైన నిద్రాహారాలు మాని, దిగులుతో, ‘బ్రతికి ఏం లాభం’ అన్నాడా. మూడవది సాధారణంగా ఎవరూ చెప్పరు, దొంగతనాల జాబితా మాత్రమే చెబుతారు. ఫిలడెల్ఫియా పరిశోధనను బట్టి చూస్తే ఆ మూడవ దానిలోనే దారి ఉండవచ్చును.

2019 సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఏదో ఒక విధమైన చికిత్స పొందినట్లు చెప్పినవాడు ఒక్కడు. తక్కిన 37 మంది మారతారా మారరా అనే ప్రశ్న ఇంకా ఎవరూ వేయనేలేదు. మత్తు పదార్థాల విషయంలో సలహాకు కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను నంబరు 14446. మానసిక ఆరోగ్యం కొరకు 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. రెండవదానిలో తెలుగులోను మాట్లాడవచ్చును.